చేరెడు తవుడు, ఒక తేనెపెట్టె

నేను ఒక తేనెపెట్టెను. పనస చెక్కతో చేసినదాన్ని. చూడటానికి సాధువులా కనిపిస్తాను గానీ, నా కడుపులో జరిగినన్ని హత్యలు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోనూ జరిగి ఉండవు. శవాలు నా గుమ్మం ముందే పడేవి. అదీ పట్టపగలు. పడేసినవాళ్లు చేతులు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు, పూల మీదికి పనికి వెళ్లిపోయేవారు. ఆ హత్యల పుణ్యాన ఒక కాపురం నిలబడింది. అందుకే ఈ కథ తలవంచుకుని కాదు, మూత ఎత్తి మరీ చెబుతున్నాను.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస అక్కడ మూడు దిక్కులు. నాలుగో దిక్కు సముద్రం. ఆ సముద్రానికి ఒక ఏడు కోపం వచ్చి తుపాను పంపితే, మా అమ్మ పనసచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. బొబ్బిలి నుంచి వీణలవాళ్లు వచ్చారు. లావాటి మొదలును వేళ్లతో తట్టి, చెవి ఆనించి విని, మురిసిపోయి లారీ ఎక్కించుకుపోయారు. ఆ మొదలే మా అన్న. వీణ అయ్యాడని విన్నాను. కొమ్మల దగ్గర మిగిలిన ముక్కను నేను. ఇంట్లో పెద్దవాడు కలెక్టరైతే చిన్నవాడు ఏమవుతాడు? ఏది దొరికితే అది అవుతాడు. నాకు లోకనాథం దొరికాడు.

లోకనాథం ఊరి వడ్రంగి. చేయి మంచిదే. నోరే ఎక్కువ. ఢిల్లేశ్వరరావు అనే తేనెటీగల రైతు తన పెట్టె ఒకటి నమూనాగా తెచ్చిచ్చి, "ఇలాంటిదే ఇంకొకటి చెయ్యి బావా" అన్నాడు. లోకనాథం ఊరి ఎన్నికల గురించి వచ్చినవాడికీ పోయినవాడికీ చెబుతూ కొలత తీశాడు. పొడవు సరిగ్గానే తీశాడు. వెడల్పు దగ్గరికి వచ్చేసరికి సర్పంచ్ అభ్యర్థి మీద మండిపడుతూ, లోపలి కొలత తీసి బయటికి పట్టించేశాడు. అంతే. రెండు పలకల మందం నా కడుపులోంచి పోయింది. ఈగలు తేనెపట్టు కట్టుకునే చట్రాలు పది హాయిగా పట్టాల్సిన చోట తొమ్మిది, అవీ నిండు బస్సులో జనంలా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఇరుక్కున్నాయి.

ఢిల్లేశ్వరరావు నన్ను చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏటి బావా, ఇది పెట్టా, పెన్సిలు డబ్బానా?"

లోకనాథం తొణకలేదు. "ఈగలు లావుగుంటాయా, సన్నంగుంటాయా?"

"సన్నంగే."

"మరి ఆటి ఇల్లు లావుగెందుకు?"

ఢిల్లేశ్వరరావు నన్ను విసురుగా కింద పెట్టాడు. అతని భార్య తవిటమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, బోర్లా వేసి, మీద కూర్చుని చూసింది. "ఉండనీయయ్యా. కూసోడానికి ఎత్తు బాగుంది" అంది.

అలా నేను తేనెపెట్టెగా పుట్టి పీటగా కాపురానికి వచ్చాను.

ఆ మొగుడూ పెళ్లాలు చెన్నైలో చాలాకాలం తాపీపని చేసి వచ్చినవాళ్లు. అతను ఇటుక పేర్చేవాడు, ఆమె తట్ట మోసేది. ఎవరెవరికో మేడలు కడుతూ, తాము మాత్రం రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. వేసవిలో ఆ రేకుల కింద అన్నం దానంతటదే మళ్లీ ఉడికేదని తవిటమ్మ చెప్పేది. ఊళ్లో ఉన్న జీడితోట చూసుకుందాం, తేనెటీగలు పెంచుదాం అని పట్టుబట్టి మొగుణ్ని వెనక్కి లాక్కొచ్చింది ఆమే. అతను శిక్షణకు వెళ్లి విదేశీ జాతి ఈగలున్న తెల్లరంగు పెట్టెలు తెచ్చాడు. జీడిచెట్ల కింద వరసగా పెట్టాడు. "ఇవి నిలబడకపోతే మాత్రం మళ్లీ రైలెక్కాలి, ఏటనుకున్నావో" అనేవాడు అప్పుడప్పుడు. ఆ మాట విన్నప్పుడల్లా తవిటమ్మ నా మీద ఇంకాస్త గట్టిగా బైఠాయించేది. ఆ బరువులో ఎంత మొండితనముందో నా పలకలకు తెలుసు.

జీడి పూతకొచ్చిన ఒక మధ్యాహ్నం ఆమె నా మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఊరి చివర తుపాను షెల్టరుకు రంగులు వేస్తూ పనివాళ్లెవరో షట్టరు పైనున్న చెక్కగూడును సుత్తితో కొట్టారు. అంతే, అందులోంచి ఒక నల్లని మబ్బు లేచింది. గుంయ్‌మంటూ కొబ్బరి తలల మీదుగా వచ్చింది, జీడితోట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది, తెల్లరంగు పెట్టెలను చూసి ముక్కు విరిచింది, నేరుగా నా దగ్గరికి దిగింది.

"ఓలమ్మ! నా పీటకి ఎసరెట్టీసాయి!" అని తవిటమ్మ చింతపండు అక్కడే వదిలేసి పరుగు తీసింది.

ఆ సాయంత్రానికి నా కడుపు నిండింది. ఢిల్లేశ్వరరావు ముఖం కప్పుకుని వచ్చి నన్ను మెల్లగా సరిచేసి, చట్రాలు దూర్చి, మూత పెట్టి, జీడిచెట్టు కింద అందరికంటే చివర నిలబెట్టాడు. ఊరికే వచ్చిన ఈగలు కదా, కుర్చీ కూడా చివరిదే.

ఆ ఈగల వంశం సంగతి మధ్యాహ్నపు ఉక్కలో అవి రెక్కలు విసురుకుంటూ రొద పెడుతుంటే నాకు తెలిసింది. ఎన్నడో ఎవరి లారీలోంచో తప్పించుకున్న పెంపుడు ఈగల సంతానం అవి. షెల్టరు షట్టరు గూట్లో తరతరాలుగా ఉన్నాయి. అక్కడ పూలు లేనప్పుడు పంచదార పాకం పోసేవాడు లేడు, మందు వేసేవాడు లేడు, బాగున్నారా అని అడిగినవాడు లేడు. అందుకే వాటికి మనుషుల మీద గౌరవం తక్కువ, ప్రాణం మీద జాగ్రత్త ఎక్కువ.

ఇప్పుడు హంతకుణ్ని పరిచయం చేస్తాను.

ఆవగింజలో సగం ఉంటాడు. ఎర్రమన్ను రంగు. మా తీరంలో పీతలాగా గుండ్రని డిప్ప, కింద కాళ్లు. నిజానికి వాడు కాదు, అది. ఆడపురుగు. ఈగ పొట్ట మడతల్లో దూరి ఒంట్లో కొవ్వు పీలుస్తుంది. అంతవరకైతే జేబుదొంగతనం. అసలు నేరం ఈగపిల్లల గదిలో జరుగుతుంది. మైనపు గదిలో పిల్ల బాగా ఎదిగాక ఈగలు పైన మూత వేస్తాయి. ఆ మూత పడటానికి కాస్త ముందు ఇది లోపలికి జారి పిల్ల కింద దాక్కుంటుంది. పెంచిన చేతులే తలుపు మూస్తాయి, దొంగ లోపలే ఉంటుంది. ఇక మూసిన గదిలో దాని ఇష్టారాజ్యం. పిల్లను పీలుస్తూ అక్కడే తన పిల్లల్ని కంటుంది. ఆ గదిలోంచి బయటికి వచ్చే ఈగకు చాలాసార్లు రెక్కలుండవు. నలిగిన కాగితం ముక్కల్లాంటివేవో ఉంటాయి.

ఆ ఏడు తోటలోకి ఈ పురుగు వచ్చింది. తెల్లపెట్టెల ముందు రెక్కల్లేని ఈగలు గడ్డిలో పాకుతుంటే తవిటమ్మ వంగి చూసి, "పేను పట్టినట్టుంది కదయ్యా" అంది. ఢిల్లేశ్వరరావు మందు పట్టీలు తెచ్చాడు. చట్రాల మధ్య వేలాడదీస్తే పురుగు చస్తుంది. ప్రతి పెట్టెకూ కట్టుకుంటూ చివరికి నా దగ్గరికి వచ్చాడు. పట్టీ దూర్చాడు. దూరలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నా చట్రాల మధ్య ఎడమే లేదు. పైగా నా ఈగలు అతని బొటనవేలును పలకరించాయి.

"ఛీ! దరిద్రపు పెట్టె! ఆ లోకనాథం సెయ్యి ఇరగా!" అని చేయి విదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

ఊళ్లో అందరికీ వైద్యం అందింది. నాకు తప్ప.

ఇక నా లోపల ఏం జరిగిందో చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఒక కూలి ఈగ పిల్లల గదుల మూతల మీద నడుస్తూ పోతోంది. ఒక మూత దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మీసాలతో తడిమింది. ఆ మూత మిగతావాటి లాగే ఉంది, తేడా ఏమీ లేదు. కానీ దానికేదో వాసన తగిలింది. మూతకు సూదిమొనంత చిల్లు పెట్టింది. మరొకటి వచ్చి చిల్లు పెద్దది చేసింది. లోపలున్న తెల్లటి పిల్లను ఇద్దరూ కలిసి బయటికి లాగారు. పిల్లతోబాటు ఎర్రపురుగు సంసారం బజారున పడింది. ఇంకా ముదరని దాని పిల్లలు గది దాటగానే ఎండిపోయి చచ్చాయి. తెల్లపిల్లను ఈడ్చుకెళ్లి గుమ్మం బయట పడేశారు.

ఈ ముక్కు అన్ని ఈగలకూ లేదు. కొన్నింటికే ఉంది. అవి కూడా ఒక్కోసారి పొరపాటున మంచి గది మూత తీసేవి. లోపల పిల్ల క్షేమంగా ఉందని తెలిస్తే మారుమాట లేకుండా మళ్లీ మైనం అతికించి పోయేవి. తప్పుడు కేసు అని తేలగానే మూసేసే పోలీసులను నేను అక్కడే చూశాను.

ఇక రెండో విద్య. మధ్యాహ్నం పూట తవిటమ్మ ఇంటి అరుగు మీద ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వరసగా కూర్చుని పేలు చూసుకునేవారు. ముందున్నామె తల వెనకామె చేతిలో, ఊరి సంగతులన్నీ అందరి నోళ్లలో. సరిగ్గా అదే నా లోపలా జరిగేది. వీపు మీద పురుగు ఎక్కిన ఈగ ఒళ్లంతా జలజలా కదిలించేది. పక్కనున్నవి వచ్చి వీపు వెతికి, పురుగును పట్టి, కాళ్లు పటుక్కున కొరికి కింద పడేసేవి. అరుగు మీద గోళ్లతో నొక్కేవారు, ఇక్కడ దవడలతో. తేడా అంతే. నా అడుగుపలక మీద కుంటి పురుగులు వానచినుకుల్లా రాలుతుంటే, అబద్ధమెందుకు, నాకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది.

అయితే ఇదంతా లోపలి సంగతి. బయటినుంచి చూసేవాళ్లకు ఏం కనిపించింది? నా గుమ్మం ముందు తెల్లటి పిల్లల శవాలు.

ఢిల్లేశ్వరరావు వాటిని చూసి పెళ్లాన్ని కేకేశాడు. "ఏటే! ఇటు రా! కన్నపిల్లల్ని పారేస్తన్నాయి! రాకాసి ఈగలే ఇవి!"

తవిటమ్మ వచ్చి చూసింది.

"ఈ రోగం మిగతా పెట్టెలకి అంటుకుంటే మనం రోడ్డు మీదే. సందేళ ఈగలన్నీ లోపలికి సేరాక కాల్చీడమే" అన్నాడు.

మిగతా పెట్టెలకు అప్పటికే అంటుకున్న రోగం నా దగ్గర కుదురుతోందని ఎలా చెప్పను? నాకు నోరు లేదు. గుమ్మం ఉంది గానీ అందులోంచి ఈగలే వస్తాయి, మాటలు రావు.

సందె పడింది. నా చుట్టూ ఎండు కొబ్బరిమట్టలు పేర్చాడు. సీసాలోంచి కిరసనాయిలు చల్లాడు. ఆ వాసనకు లోపల రొద మారింది. అగ్గిపెట్టె తీశాడు. గాలికి ఒక పుల్ల ఆరిపోయింది. రెండో పుల్ల వెలిగింది.

అప్పుడు తవిటమ్మ నడుచుకుంటూ వచ్చి, ఆ పుల్లను ఉఫ్‌మని ఊదేసి, నా మీద కూర్చుంది. లోపల ఈగలున్నాయన్న భయం కూడా లేకుండా, వెనకటి పీట మీద కూర్చున్నట్టే.

"లెగు. పిచ్చా నీకు?"

"నా పేరేటి?"

"ఏటే ఇప్పుడు?"

"నా పేరు సెప్పవయ్యా."

"తవిటమ్మ."

"ఎందుకెట్టినారు?"

ఢిల్లేశ్వరరావు చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది. ఆ కథ అతనికి తెలుసు. తవిటమ్మకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే తల్లి చేటలో పడుకోబెట్టి, తీసుకెళ్లి పెంటకుప్ప మీద పారేసింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అదొక ఆచారం. పక్కింటామె ఎత్తుకుంది. తల్లి ఆమెకు చేరెడు తవుడు పోసి, కూతుర్ని తిరిగి కొనుక్కుంది. తవుడు విలువ చేసే పిల్ల మీద చావుకు కన్నెందుకు పడుతుంది? అలా పారేస్తే బతికినవాళ్లు, తవుడికి అమ్ముడుపోయినవాళ్లు ఆ పక్క చాలామంది ఉన్నారు.

"మాయమ్మ నన్ను పెంట మీద పారేసింది. సంపడానికా, బతికించుకోడానికా?"

"దానికీ దీనికీ ఏటి సమ్మందం?"

"ఇవీ అదే సేస్తన్నాయి. పారేసి యముడి కళ్లు కప్పుతున్నాయి. ఉన్నోటిని కాసుకుంటున్నాయి. తెల్దేటి నీకు? కాలిస్తే నన్నూ కలిపి కాల్చు."

ఢిల్లేశ్వరరావు పెళ్లాన్ని చూశాడు, నన్ను చూశాడు, అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. "దీనికి ఈ పేరెట్టినోళ్లని అనాల" అని గొణుక్కుంటూ మట్టలు తీసేశాడు.

తవిటమ్మ చెప్పిన కారణం తప్పు. ఈగలకు యముడూ తెలియదు, తవుడూ తెలియదు. కానీ తప్పు దారిన వెళ్లి సరైన ఊరు చేరినవాళ్లను నేను అప్పుడే చూశాను. లోకనాథం తప్పు కొలత, తవిటమ్మ తప్పు కారణం. నా ప్రాణం ఈ రెండింటి మీద నిలబడింది.

వానాకాలం గడిచేసరికి తెల్లపెట్టెలు ఒక్కొక్కటే మూగబోయాయి. మొదట్లో మందు బాగానే పనిచేసింది. తర్వాత పురుగులు దానికి అలవాటుపడ్డాయి. మూత తీస్తే లోపల పిడికెడు ఈగలు, దిక్కులు చూస్తున్న రాణి. ఢిల్లేశ్వరరావు ఖాళీ పెట్టెలు కడిగి ఎండలో బోర్లించేవాడు. ఆ వరస పెరుగుతుంటే మాటలు తగ్గాయి.

చెన్నై నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు. ఫోన్ గట్టిగా మోగడమే కాదు, మేస్త్రీ కూడా గట్టిగానే మాట్లాడతాడు, తోటంతా వినబడింది. "ఏం ఢిల్లేసూ, ఈగలు తోలుతున్నావా? కొత్త సైటు మొదలవుతోంది. ఇద్దరూ వచ్చీండి. షెడ్డు కూడా రెడీ."

షెడ్డు అన్న మాటకు తవిటమ్మ చేతిలోని చేట ఆగిపోయింది.

"జీడిపూత అయ్యేదాకా ఆగు. ఆ తరవాత నువ్వెక్కమన్న రైలెక్కుతాను, మాటంటే మాటే" అంది మొగుడితో.

"ఒక్క పెట్టెతో ఏటి సేస్తావే?" అన్నాడు అతను. కోపంగా కాదు, జాలిగా. తవిటమ్మకు కోపమైతే ఎదుర్కోవడం తెలుసు. జాలి చూసి చేటతో మళ్లీ చెరగసాగింది.

ఆ ఒక్క పెట్టెను నేనే. పొంగిపొర్లుతున్నాను. ఈగలు గుమ్మం బయట గడ్డంలా వేలాడుతున్నాయి.

ఆ సమయంలో వ్యవసాయ కళాశాల నుంచి హైమ అనే అమ్మాయి వచ్చింది. తేనెటీగల తెగుళ్లు చదువుకున్న పిల్ల. తీరంలో పెట్టెలెందుకు పోతున్నాయో చూడటానికి స్కూటీ మీద ఊరూరూ తిరుగుతోంది. తవిటమ్మ ఇంటికి రాగానే, "అమ్మా, కాస్త పంచదార పొడి ఉంటే ఇస్తారా?" అంది.

"ఉన్నాది గానీ, ఏటమ్మా, అరిసెలొండుతావా?"

"అరిసెలకి బెల్లం కదమ్మా!"

"ఓసోసి, వంట తెలిసిన పిల్లే! ఐతే నమ్మొచ్చు" అంది తవిటమ్మ. ఆమె దగ్గర పరీక్షలు ఇలాగే ఉంటాయి.

హైమ ఒక సీసాలో ఈగలను పట్టి, పంచదార పొడి చల్లి, మెల్లగా దొర్లించి, జల్లెడ మూతలోంచి తెల్లకాగితం మీద దులిపింది. పొడికి పట్టు జారి పురుగులు రాలతాయి, ఈగలు మాత్రం తియ్యగా క్షేమంగా ఉంటాయి. కొనఊపిరితో ఉన్న తెల్లపెట్టె ఒకదానిలో పరీక్షిస్తే కాగితం మీద ఆవాలు పోసినట్టయింది. నా దగ్గర ఎంత దులిపినా ఒకటీ అరా పడ్డాయి. హైమ మళ్లీ దులిపింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"దీనికేం మందు వాడారు?"

"మందా? పట్టీ కూడా దూరలేదు మేడం. పెన్సిలు డబ్బా ఇది" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

హైమ నా అడుగుపలక మీది చెత్తను గీకి, భూతద్దం కింద పెట్టింది. ఇన్నాళ్లకు శవపంచనామా మొదలైంది. "కాళ్లు కొరికేశాయి! చూడండమ్మా, కాళ్లు లేవు!"

తవిటమ్మ భూతద్దంలోకి తొంగిచూసింది. "ఓలమ్మ! మా అరుగు మీదోళ్లలాగే, పేలు సూసుకుంటన్నాయి!"

"అచ్చం అదే" అంది హైమ. ఆ పైన గుమ్మం ముందున్న తెల్లపిల్లల్ని చూసి, పురుగు దూరిన గదిని ఈ ఈగలు వాసనపట్టి తెరుస్తాయని చెప్పింది. ఇవి షెల్టరు గూట్లోంచి వచ్చాయని తవిటమ్మ చెబితే తల ఊపింది. "మందు వేసేవాళ్లు లేని చోట ఎన్నో తరాలు బతికాయి కదా. ఈ విద్య లేనివి పోయాయి. ఉన్నవి మిగిలి, పిల్లలకు అదే గుణం ఇచ్చాయి. ఎవరూ నేర్పలేదమ్మా."

"మరి యముడి కళ్లు కప్పడం కాదా?" అని తవిటమ్మ తన పేరు కథంతా చెప్పింది.

హైమ నవ్వు ఆపుకోలేకపోయింది. "కాదమ్మా. మీ అమ్మగారు బాగున్న పిల్లను పారేశారు. ఇవి చెడిన పిల్లను పారేస్తున్నాయి, మిగతావి బతకాలని."

"నానూ అదే కదమ్మా సెప్పింది! ఉన్నోటిని కాసుకుంటున్నాయని!"

హైమ "సగం రైటే" అని ఒప్పుకుంది. తవిటమ్మ మొగుడి వైపు చూసిన చూపు ఉంది చూశారూ, ఆ చూపులో పూర్తి మార్కులే ఉన్నాయి.

దారి కూడా హైమే చెప్పింది. నా రాణి కూతుళ్లను కొత్త రాణులుగా పెంచాలి. ఖాళీ పెట్టెల్లో వాటితో కొత్త కాపురాలు పెట్టాలి. కానీ పూచీ లేదు. రాణి గాల్లో ఎగిరి ఏ పెట్టె పోతు ఈగలతో జతకడుతుందో చెప్పలేం. అందరు కూతుళ్లకూ తల్లి గుణం రాదు. కొన్ని పెట్టెలు పోతాయి. నిలబడ్డాయో లేదో తెలియడానికి ఈ పూత కాదు, పై ఏటి జీడిపూత దాకా ఆగాలి. "ఇది విని ఊళ్లో అందరినీ మందులు మానెయ్యమనకండి. మామూలు ఈగలు చచ్చిపోతాయి" అని గట్టిగా హెచ్చరించింది కూడా.

ఇంకో ఏడాది! ఢిల్లేశ్వరరావు జీడిచెట్టు మొదట్లో కూలబడ్డాడు. మేస్త్రీ సైటు ఏడాది ఆగదు. తవిటమ్మ బతిమాలలేదు. మాటిచ్చింది కదా, పూత అయ్యాక రైలెక్కుతానని. చేట తీసుకుని లోపలికి వెళ్లబోయింది.

అతను తన బొటనవేలును చూసుకున్నాడు. నా ఈగలు కుట్టిన మచ్చ ఇంకా ఉంది. "ఇంత పొగరున్న ఈగలు ఊరికే సావ్వులే" అన్నాడు. ఫోన్ తీసి, "మేస్త్రీ, ఈ ఏడుకి కాదు" అని, అవతలివాడు అరుస్తుండగానే పెట్టేశాడు.

ఆ తర్వాత మనుషులు చేసిన పని చెబితే నవ్వుతారు. ఢిల్లేశ్వరరావుకు హైమ చెప్పినదాంట్లో ఒక ముక్క నచ్చలేదు. గుణం ఈగల్లో ఉందట! అతని నమ్మకం వేరు. మహిమ నా సన్నదనంలోనే ఉందని తీర్మానించుకున్నాడు. లోకనాథం దగ్గరికి వెళ్లి, "బావా, నా పెట్టె ఎంత సన్నంగుందో అచ్చం అలాగే ఇంకో రెండు సెయ్యి" అన్నాడు.

లోకనాథం మీసం మీద చెయ్యేశాడు. "నేనప్పుడే సెప్పలేదా? కావాలనే తగ్గించాను. ఇదొక రహస్యం." ఈసారి ఎంతో శ్రద్ధగా, ఎవరితోనూ మాట్లాడకుండా కొలిచి చేశాడు. రెండూ సరైన కొలతకు వచ్చాయి. ఎంత ప్రయత్నించినా ఆ తప్పు మళ్లీ అతనికి చేతకాలేదు.

కూతుళ్లు కొత్త కాపురాలకు వెళ్లారు. తవిటమ్మ పొద్దున్నే ప్రతి గుమ్మం దగ్గరా వంగి చూసేది. మామూలుగా తేనెరైతులు గుమ్మం ముందు పిల్లల శవాలు చూస్తే గుండెలు బాదుకుంటారు. ఈమె మాత్రం అవి కనిపిస్తే చప్పట్లు కొట్టేది. "పారేసింది! ఇది మా జాతే!" కొన్ని పెట్టెలు పారేయలేదు. వానాకాలంలో అవి నీరసించాయి, రెండు చచ్చిపోయాయి. మూత తీసి చూసి ఆమె ఆ పూట అన్నం తినలేదు. మిగిలినవి వానలు దాటాయి. చలి దాటాయి. జీడి మళ్లీ పూసింది.

పూత మీద ఎంత రొద! బోర్లించిన పెట్టెల్లో ఎక్కువ భాగం లేచి నిలబడ్డాయి. ఢిల్లేశ్వరరావు తేనె తీస్తూ మోచేతుల దాకా జిగురై, ఈల వేశాడు. అతను ఈల వెయ్యగలడని అప్పటిదాకా నాకు తెలియదు. పెళ్లాం ముఖం చూస్తే ఆమెకూ తెలిసినట్టు లేదు.

పక్క ఊరి నుంచి బృందావతి అనే తేనెరైతు వచ్చింది. ఆమె పెట్టెలన్నీ పోయాయి. ఈ జాతి ఈగలు ఒక పెట్టె కావాలంది. ఎంతకిస్తావని అడిగింది.

ఢిల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే తవిటమ్మ చేట చాచింది.

"చేరెడు తవుడు పొయ్యి."

"ఏటి?"

"తవుడే. మొదటి పెట్టె తవుడికే అమ్మాల. అప్పుడే నీ దగ్గర బతుకుతాది. రెండోదానికి ధర మా ఆయన సెప్తాడు, భయపడకు."

బృందావతికి వేరే వివరణ అక్కర్లేదు. ఆమె తమ్ముడి పేరు పెంటయ్య. మారుమాట్లాడకుండా తవుడు తెచ్చి పోసింది. ఢిల్లేశ్వరరావు ఆ చేటను చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ ఫోన్.

"ఏం ఢిల్లేసూ, ఏడాదయింది! ఈగలేమైనా ఇస్తున్నాయా?"

ఢిల్లేశ్వరరావు చేటలోకి చూశాడు. పెళ్లాం వైపు చూశాడు.

"తవుడిస్తన్నాయి మేస్త్రీ. బాగా గిట్టుబాటుగుంది. నువ్వొచ్చినా పనిస్తాను" అన్నాడు.

అవతల మేస్త్రీ చాలాసేపు మాట్లాడలేదు. అతను నోరు మూసుకున్న సందర్భం నా ఎరుకలో అదొక్కటే.

ఇప్పుడు నేను పాతబడ్డాను. ఉప్పుగాలికి, వానలకు నా అడుగు పుచ్చిపోయింది. నా ఈగలను కొత్త పెట్టెలోకి మార్చి, నాకు కొత్త అడుగుపలక కొట్టి, నన్ను అరుగు మీదికి తెచ్చారు. హైమకు ఎక్కడో సన్మానం జరిగితే ఇచ్చిన బొబ్బిలి బొమ్మవీణ ఒకటి, తన ఇంట్లో చోటు లేదంటూ తవిటమ్మకు ఇచ్చింది. అది నా మూత మీదే ఉంది. జానెడు పొడవు, అద్దాల డబ్బా, మోగని తీగలు. మా అన్న చెక్కేనేమో అని మొదటిరోజు ఆశగా పలకరించాను. పలకలేదు. ఫరవాలేదు. పెద్దవాళ్లు అలాగే ఉంటారు. నేను మాత్రం ఎన్ని ఏళ్లు మోగానో జీడితోటను అడగండి.

మధ్యాహ్నం పూట అరుగు మీద ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. పేలూ సాగుతాయి, కబుర్లూ సాగుతాయి. మధ్యలో ఎవరో ఒకరు ఈగల కోసం వస్తారు. తవిటమ్మ లేచి, బొమ్మవీణను పక్కన పెట్టి, నా మూత ఎత్తుతుంది. వచ్చినవాళ్లు పోసినది అందులో వేసి మళ్లీ మూస్తుంది.

అవును, నా కడుపులో ఇప్పుడు తవుడుంది. పురుగు పట్టకుండా చూసుకోవాల్సిన పూచీ నాదే.